నారుమడిలో పూలజడ

నారుమడి గదిలో అడుగు పెట్టాలంటే కాళ్ళకు లోహం ఉండకూడదు. గదంతా పరిచిన పలకలు మన అడుగుల బరువును, తడబాటును చదువుకుంటాయి. వెండి తగిలితే వాటికి లెక్క తప్పుతుంది. అందుకని పెళ్ళయి నెల తిరక్కుండానే నేను రోజూ ఉదయం ల్యాబు గుమ్మంలో కూర్చుని మెట్టెలు తీసి సబ్బుపెట్టెలో దాచుకునేదాన్ని. సాయంత్రం మళ్ళీ తొడుక్కునేటప్పుడు ప్రతిరోజూ కొత్తగా పెళ్ళవుతున్నట్టు నవ్వొచ్చేది. ఆ సబ్బుపెట్టె వంశీది. హాస్టళ్ళ వెంట తిరిగిన పాత ఆకుపచ్చ డబ్బా. దానికింకా వేపసబ్బు వాసన వస్తుంది.

వంశీ అంటే మా ఆయన. ఆయన చేసే ప్రతి పనీ అప్పట్లో నాకు వింతే. పెరుగన్నంలో ఆవకాయ ముక్కను మెతుకుల కింద దాచి చివరికి తింటాడు. స్కూటరు మీద వెళుతూ స్పీడు బ్రేకరు వస్తే "వస్తోంది, పట్టుకో" అని ముందే చెబుతాడు. బ్రేకరు లేనిచోట కూడా చెబుతాడు. ఇవన్నీ చెప్పుకుంటూ పోతే కథ మొదలవదు.

కథ నారుమడిది. దాన్ని తయారుచేసింది మా బావగారు, అంటే వంశీ అన్నయ్య శేషశాయి. కాకినాడలో మా కాలేజీ జంతుశాస్త్ర విభాగానికి ఆయనే పెద్ద. నేను ఆయన కింద లెక్చరర్ని. మా పెళ్ళి కుదిర్చిందీ ఆయనే. ఒకరోజు ప్రాక్టికల్స్ మధ్యలో కప్ప గుండె పటం పక్కన నిలబడి, "మా తమ్ముడొకడున్నాడమ్మా మృదులా. కబుర్లు ఎక్కువ, వంట బాగా చేస్తాడు. ఓసారి చూడు" అన్నారు. చూశాను. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

ఆ ఏడు బీఎస్సీ చివరి సంవత్సరం పిల్లలకు కొత్తగా ఒక పాఠం పెట్టారు. మనిషి మనసు ఆడవాళ్ళ వైపు ఒరుగుతుందా, మగవాళ్ళ వైపా, ఇద్దరి వైపా, ఎవరి వైపూ కాదా, ఆ ఒరుగు ఎలా ఏర్పడుతుంది అన్నది పాఠం. పుస్తకంలో నాలుగు పేజీలున్నాయి. పిల్లలు ఆ నాలుగు పేజీలూ చదవకుండానే అన్నీ తెలుసన్నట్టు నవ్వుకున్నారు. అందుకే వాళ్ళను నారుమడికి తీసుకెళ్ళాను.

నారుమడిలో ఒక మనిషి బతుకును మొలక దగ్గర్నుంచి మళ్ళీ పెంచి చూడవచ్చు. విత్తనం ఒక దాతది. అందులో వాళ్ళ జన్యువులు, తల్లి కడుపులో గడిచిన నెలల జాడలు, పుట్టినప్పటి స్వభావం ఉంటాయి. పెంపకం మీటలు మన చేతిలో ఉంటాయి. నాన్న కోపం, అమ్మ గారాబం, ఊరు, బడి, స్నేహాలు, ఏది కావాలంటే అది పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. గోడల మీద ఆ బతుకు గబగబా నడిచి పాతికేళ్ళకు చేరుతుంది. అప్పుడు పైన వేలాడే ముల్లు ఒక వైపుకు ఒరిగి ఆగుతుంది.

మొదటి విత్తనం ఒక మగవాడిది. ముల్లు మగవాళ్ళ వైపు ఒరిగింది. క్లాసులో ఇకఇకలు.

"మేడమ్, తండ్రి మీట గట్టిగా బిగించేద్దాం" అన్నాడు నూకరాజు. క్లాసులో జోకులన్నీ వాడివే. "రోజూ నాలుగు తగిలిస్తే కుర్రోడు దార్లో పడిపోతాడు."

"బిగించు."

బిగించాడు. గోడ మీద పసివాడు పెరిగాడు. బెల్టు చప్పుడుకు ఉలిక్కిపడుతూ, నత్తినత్తిగా మాట్లాడుతూ, ఎవరైనా పిలిస్తే ముందు భుజాలు ముడుచుకుంటూ పాతికేళ్ళకు వచ్చాడు. ముల్లు మళ్ళీ అక్కడే ఆగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

హాస్టల్లో వేసి చూశారు. హాస్టలు తీసేసి ఇంట్లో ఉంచారు. అక్కచెల్లెళ్ళను ఇచ్చారు, తీసేశారు. ఊరు మార్చారు, స్నేహితుల్ని మార్చారు. ముల్లు కదల్లేదు. తర్వాత ఇంకో విత్తనం వేశాను. ఆవిడ మనసు మగవాళ్ళ వైపు. ఈవిణ్ణి మార్చి చూడండి అన్నాను. మీటలన్నీ తిప్పి అలిసిపోయారు.

"ఈవిడా మొండిదే మేడమ్" అన్నాడు నూకరాజు.

"మరి నిన్నెవరు చేశారు రా ఇలా?"

వాడు తల గోక్కున్నాడు. "నన్నెవరూ ఏం చెయ్యలేదు మేడమ్. ఇంటర్లో కెమిస్ట్రీ ట్యూషన్‌కెళ్తే మొదటి బెంచీలో ఓ అమ్మాయి... అలా అయిపోయిందంతే."

గది దద్దరిల్లింది. నవ్వు ఆగాక ముందు వరుసలో ఉన్న ఝాన్సీ అడిగింది. "అయితే అంతా జన్యువులేనా మేడమ్?"

విత్తనాన్ని కడుపులో పడ్డ మొదటి రోజుకు తీసుకెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ మళ్ళీ పెంచి చూపించాను. జన్యువులు అవే. అయినా ఎప్పుడో ఒకసారి ముల్లు ఇంకో వైపుకు ఒరిగింది. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో కూడా ఒకరి ఒరుగు ఇంకొకరికి ఉండకపోవచ్చని చెప్పాను. జన్యువుల పాత్ర కొంత, కడుపులో జరిగేవి కొంత, మనకింకా తెలియనిది చాలా. ఎవరూ కూర్చుని ఎంచుకున్నది కాదు, ఎవరో పెంచి తెచ్చింది కాదు.

"మరి ఈ మీటలు దేనికి మేడమ్?" అంది ఝాన్సీ.

"నువ్వే చూసి చెప్పు" అన్నాను. ఆ పిల్ల చాలాసేపు ఒక్కతే గోడల ముందు నిలబడింది. బెల్ కొట్టాక వచ్చి చెప్పింది. "ముల్లు మారడం లేదు మేడమ్. వాడు నవ్వడం మారుతోంది. ఎవరికైనా చెప్పుకోవడం మారుతోంది."

ఆ మొదటి విత్తనం ఎవరిదో పిల్లలకు తెలియదు. దాతల పేర్లు బయటపెట్టం. క్లాసులో వాడే ప్రతిలో తల్లిదండ్రుల ముఖాలు కూడా తుడిచేసి ఉంటాయి. నాకు తెలుసు. అది బావగారిది.

బావగారు కొన్నేళ్ళ కిందట తన సంగతి అత్తయ్యకు చెప్పారట. అత్తయ్య అరవలేదు, ఏడవలేదు. చాట తెచ్చుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుందట. ఆ రోజు నుంచి ఆవిడ బావగారి ముఖంలోకి చూడదు. ఆయన చొక్కా బొత్తాలతో మాట్లాడుతుంది. "శేషూ, పప్పు వేసుకో" అంటుంది రెండో బొత్తంతో. "జ్వరం తగ్గిందా?" అంటుంది మూడో బొత్తంతో. ప్రేమకు లోటు లేదు. ఒక్క చూపే లేదు.

బావగారు ఆదివారాలు యానాం వెళతారు. అక్కడ దినకర్‌గారున్నారు, డ్రాయింగు మాస్టారు. నేను ఒకసారి కలిశాను. చేతి రుమాలు మీద నా బొమ్మ గీసి, ముక్కు కాస్త పెద్దదై పోయిందని ఆ రుమాలుతోనే చెమట తుడుచుకున్నారు. ఇంట్లో మాత్రం ఎవరూ యానాం పేరెత్తరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఉత్సాహం ఆపుకోలేక, "యానాంలో గోదారి ఎంత బాగుంటుందో కదండీ!" అన్నాను భోజనాల దగ్గర. అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. వంశీ ఒక్కడే, "గోదారి ఎక్కడైనా బాగుంటుంది, మజ్జిగ పొయ్యి" అని నన్ను గట్టెక్కించాడు.

పిల్లలు ఇళ్ళకెళ్ళి పాఠం సంగతి చెప్పారు. కొందరు పెద్దవాళ్ళు ప్రిన్సిపాల్‌గారి మీదకు వచ్చారు. ఆయన భయపడకుండా, "వచ్చి చూసి మాట్లాడండి" అని ఒకరోజు అందరినీ పిలిచారు. కోడలు పాఠం చెబుతుంటే చూడాలని అత్తయ్య కూడా పులిహోర క్యారియరుతో వచ్చింది.

గుమ్మం దగ్గర నేను మెట్టెలు తీస్తుంటే చూసి ముఖం చిట్లించింది. తర్వాత తన పాదాల వైపు చూసుకుని, "నాకు తీయడానికేమీ లేవులే అమ్మాయ్" అని లోపలికి నడిచింది. మావయ్యగారు పోయి మూడేళ్ళు.

గోడల మీద మొదటి విత్తనం పెరగడం మొదలైంది. ఒక వసారా. ఆకుపచ్చ కిటికీ, దానికి ఒక రెక్క విరిగి ఉంది. ముద్దమందారం కొమ్మ. దాని కింద నుంచి ఒక పసివాడు పరిగెత్తాడు. నేను పెద్దవాళ్ళకు మీటల గురించి చెబుతున్నాను. వెనక వరుసలో అత్తయ్య చేతిలోని క్యారియరు గిన్నెలు గలగలమన్నాయి.

సాయంత్రం అత్తయ్య స్కూటరు మీద నా వెనక కూర్చుంది. భానుగుడి సెంటర్లో ఎర్రలైటు పడింది. అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ కిటికీ రెక్క నేనే విరగ్గొట్టాను. తాళాలు లోపల మర్చిపోయి."

నేను స్కూటరు అద్దంలో ఆవిడ వైపు చూశాను.

"వాడే కదూ?"

లైటు పచ్చగా మారింది. వెనక ఆటోవాడు హారను కొడుతున్నాడు. నేను తలూపాను.

ఇంటికెళ్ళాక వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తూ తనే చెప్పింది. "శేషుగాడి పుట్టువెంట్రుకలు అన్నవరంలో తీయిస్తానని మొక్కుకున్నా. ఏడాదికి తీయించాలి. దాటబెట్టాను. మూడో ఏటా దాటబెట్టాను. నాకు ఆడపిల్లంటే పిచ్చి అమ్మాయ్. వాడి జుట్టేమో నడుం దిగిపోయింది. రోజూ సాయంత్రం జడ వేసేదాన్ని. చివరికి ఐదో ఏట, తీయించే ముందు పట్టులంగా కట్టి పూలజడ వేసి ఫోటో తీయించా."

ఆ ఫోటో మా హాల్లోనే ఉంది. పక్కనే వంశీది కూడా.

"అందరూ వేస్తారుగా అత్తయ్యా. వంశీకీ వేశారుగా?"

"వాడికి ఒక్కరోజు. ఫోటో కోసం. శేషుగాడికి ఏళ్ళ తరబడి. దేవుడి సొమ్ము దాచుకుని, మగపిల్లాణ్ణి ఆడపిల్లని చేసుకుని మురిసిపోయాను. అదే పట్టుకుంది వాణ్ణి." చిక్కుడు గింజ ఒకటి చేతిలోంచి జారి దొర్లిపోయింది. ఆవిడ చూడలేదు. "నన్ను ఆ గదిలో కూర్చోపెట్టు. ఆ ఒక్క మీట తిప్పి చూసుకుంటా."

మర్నాడు బావగారికి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ముఖాలు లేని ప్రతితో కుదరదమ్మా. అమ్మకు అమ్మే కనబడాలి. నేను టోపీ పెట్టుకుని కూర్చుంటాను."

టోపీ సంగతి నాకు తెలుసు. అసలు ముఖాలనో, ఒక ప్రత్యేకమైన సాయంత్రాన్నో ఉన్నదున్నట్టు నారుమడిలోకి తేవాలంటే, దాత పక్కగదిలో కూర్చుని తన జ్ఞాపకంలోంచి దాన్ని నేరుగా ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిసారీ ఆ జ్ఞాపకం రంగు కాస్త దిగుతుంది. ఒకటి రెండుసార్లయితే ఫరవాలేదు. అంతకు మించకూడదని ల్యాబు నియమం. ఆ నియమం పెట్టింది ఆయనే.

"బావగారూ, వద్దు."

"మృదులా, మా అమ్మ ఇన్నేళ్ళుగా నా బొత్తాలతో మాట్లాడుతోంది. తన తప్పేం లేదని ఒక్కసారి కళ్ళారా చూస్తే, తర్వాత నన్ను చూడదూ?"

నేను ఒప్పుకున్నాను.

అత్తయ్య ఇంటి నుంచి పీట తెచ్చుకుంది, చెక్కదే, మేకుల్లేనిది. మీట మీద వేలు పెట్టి, దేవుడి ముందు హారతి తీసుకున్నట్టు ఒకసారి కళ్ళు మూసుకుని, తిప్పింది. ఏడాదికే గుండు. పూలజడ లేదు, లంగా లేదు. గోడల మీద బోడిగుండు పిల్లాడు పెరిగి పెద్దవాడయ్యాడు. ముల్లు మగవాళ్ళ వైపే ఆగింది.

"ఇంకోసారి."

అమ్మమ్మ ఇంట్లో పెంచింది. తనకు కూతురు కావాలని ఎప్పుడూ కోరుకోని తల్లిగా మారి పెంచింది. "తిట్టి పెంచితే?" అంది. మీట పెట్టాను. గోడ మీద ఆవిడ ముఖమే ఆ పిల్లాణ్ణి కసిరింది. పిల్లాడు తలుపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. "చాలు, చాలు, ఆపు" అని అరిచింది అత్తయ్య. ముల్లు చూడనే లేదు.

తేలికపడుతుందనుకున్నాను. చెంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"అయితే నేను చేసిందేమీ లేదా? నా తప్పైతే దిద్దుకోవచ్చనుకున్నానే!"

ఇన్నేళ్ళుగా ఆవిడ తప్పును మోస్తోందనుకున్నాను. దాన్ని పట్టుకుని వేలాడుతోందని అప్పుడు తెలిసింది. అది చేతిలోంచి జారిపోయాక ఆవిడకు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని మెల్లగా అడిగింది. "ఏమీ మార్చకుండా, ఆ జడ వేసే సాయంత్రం ఒక్కటీ చూపిస్తావా?"

చేతులకు తొడుగులు వేశాను. వాటితో జుట్టు నిజంగానే తగులుతుంది. ఆకుపచ్చ కిటికీలోంచి ఎండ వాలింది. నాలుగేళ్ళ శేషు వచ్చి ఆవిడ ముందు చతికిలబడ్డాడు. నడుం దిగిన జుట్టు. ఆవిడ మూడు పాయలు తీసింది. వాడు మధ్యమధ్య కదులుతుంటే, "కుదురుగా ఉండరా కోతీ" అంది. జడ పూర్తయ్యి, కనకాంబరాలు తురిమి, కుప్పెలు కట్టాక వాడు గిర్రున తిరిగి, తల్లి ముఖంలోకి చూసి, "అమ్మా, అద్దం చూపించు" అన్నాడు.

అత్తయ్య వాడి గడ్డం పట్టుకుని కళ్ళతోనే మింగేసేలా చూసింది. నవ్వింది. ఆ నవ్వు నేను కాపురానికొచ్చాక ఎప్పుడూ వినలేదు.

మర్నాడు మధ్యాహ్నం నాకు బాక్సు తెచ్చానంటూ మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రోజు కూడా. నేను కాదంటే గుమ్మంలో కూర్చునేది. గోడకు ఇవతల ఆవిడ జడ వేస్తుంది. అవతల బావగారు టోపీ పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఇద్దరికీ టీ నేనే ఇచ్చేదాన్ని. "శేషు కూడా ఇలాగే చల్లార్చి చల్లార్చి తాగుతాడు" అనేది అత్తయ్య. గోడవతల ఆయన గ్లాసును ఊదుకుంటూ ఉండేవారు. అక్కడున్నది ఆయనేనని ఆవిడకు తెలియదు. చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు.

"ఇక చాలు బావగారూ. ఆవిడ మీ కోసం రావడం లేదు. వాడి కోసం వస్తోంది."

"వాడూ నేనేగా" అన్నారు. కాస్త ఆగి, "గోడలోంచి నవ్వు వినబడుతోందమ్మా. ఎన్నేళ్ళయిందో" అన్నారు.

ఆ రోజుల్లో నా సంతోషం నాకే బరువనిపించేది. సాయంత్రం డాబా మీద వంశీ తాండ్ర ముక్కను రెండుగా చింపి పెద్దది నాకిచ్చి, చిన్నదే పెద్దదని వాదించేవాడు. సముద్రం మీంచి గాలి. అప్పుడు అనిపించేది, నువ్వు ఈ మనిషిని ఎందుకిష్టపడ్డావని నన్ను ఎవరూ అడగలేదు. ఎవరి పెంపకంలో లోపమని ఎవరూ వెతకలేదు. కార్డులు వేసి, భోజనాలు పెట్టి, ఊరంతా కలిసి అక్షింతలు వేశారు. బావగారికి మాత్రం ఆదివారం బస్సు, బస్టాండులో నిలబడి ఎదురుచూసే ఒక మనిషి. అంతే.

"ఏంటి, తాండ్ర చేదుగా ఉందా?" అన్నాడు వంశీ.

"లేదు. బాగుంది. అదే బాధ."

వంశీ పుట్టినరోజు ఆదివారం వచ్చింది. బావగారు ఆ వారం యానాం మానుకుని భోజనానికి వచ్చారు. అత్తయ్య హుషారుగా ఉంది. గుత్తివంకాయ వడ్డిస్తూ, బొత్తాల వైపే చూస్తూ అయినా, తనంతట తను కబుర్లలోకి దిగింది. బావగారి ముఖం వెలిగిపోయింది.

"ఒరేయ్ శేషూ, నీకా జడకుప్పెలు గుర్తున్నాయా? ఎర్ర ముఖమల్‌వి. ఎలక కొట్టేస్తే ఏడ్చి గోల చేశావు."

బావగారు ముద్ద ఆపి చిరునవ్వుతో తలెత్తారు. "జడకుప్పెలా? నాకెందుకమ్మా?"

"జడ వేసేదాన్నిగా."

"నాకా?"

వేళాకోళం కాదు. నిజంగానే అడిగారు. గోడ మీది ఫోటో వైపు తిరిగి, పట్టులంగా కట్టి పూలజడ చూపిస్తూ నిలబడ్డ పిల్లాణ్ణి ఎవరింటి బిడ్డనో చూసినట్టు చూశారు. "ఆ రెండూ వంశీవే అనుకున్నానే."

అత్తయ్య చెయ్యి గరిటెతో అలాగే ఉండిపోయింది. "సరేలే. వద్దనుకుంటే వద్దు" అంది నాలుగో బొత్తంతో, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తనను దూరం పెట్టాలని కొడుకు మర్చిపోయినట్టు నటిస్తున్నాడనుకుంది.

నేను వెనకే వెళ్ళాను. ఇచ్చిన మాట తప్పాను. కుళాయి కింద గిన్నె నిండి పొర్లుతుండగా టోపీ సంగతి, గోడవతల కూర్చున్నదెవరో, ఒక్కో జడకీ ఆయనలోంచి ఏం అరిగిపోయిందో అంతా చెప్పేశాను.

అత్తయ్య నా వైపు తిరిగింది.

"నేను చూసుకున్నదల్లా... వాడి దగ్గర్నుంచి లాక్కున్నానా?"

"ఆయనే ఇచ్చారు అత్తయ్యా."

"తెలిసేనా?"

"తెలిసే."

"ఎందుకే?"

"మీ తప్పేం లేదని మీకు తెలియాలని. అప్పుడైనా మీరు ఒక్కసారి ఆయన ముఖం చూస్తారని."

నీళ్ళు పొర్లుతూనే ఉన్నాయి. ఆవిడ కుళాయి కట్టేసింది. "ఆ గదిలో ఏ మీట తిప్పినా ముల్లు కదల్లేదు కదా. మరి అన్ని మీటలు దేనికి పెట్టాడు వాడు?"

ఝాన్సీ చెప్పిన మాటే చెప్పాను. "పిల్లాడు నవ్వడం మారుతుంది అత్తయ్యా. మనసులో మాట చెప్పుకోవడం మారుతుంది."

ఆవిడ అలమారలోంచి నువ్వులనూనె సీసా తీసి గిన్నెలో వంచి పొయ్యి మీద పెట్టింది. వేలితో వేడి చూసింది. పీట చంకన పెట్టుకుని వసారాలోకి నడిచింది. అదే వసారా, అదే ఆకుపచ్చ కిటికీ. రెక్క మాత్రం తర్వాతెప్పుడో మార్పించారు.

"శేషూ, ఇలా రా. తలంటుతాను."

బావగారు వచ్చి పీట వైపు, గిన్నె వైపు చూసి, నడినెత్తి తడుముకున్నారు. "ఏముందమ్మా అంటడానికి?"

"ఉన్నంత."

ఆయన పీట ముందు కూర్చున్నారు. ఆవిడ మాడు మీద నూనె వేసి అరచేత్తో తట్టింది. వంశీ, నేను గుమ్మంలో నిలబడ్డాం. నా చెయ్యి ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు, గట్టిగా పట్టుకున్నాడు.

"నీకు నాలుగేళ్ళప్పుడు" అంది అత్తయ్య, "నడుం దిగి ఉండేదిరా జుట్టు. సాయంత్రం కాగానే నువ్వే దువ్వెన తెచ్చుకుని ఇక్కడే, ఇదిగో ఈ గచ్చు మీదే కూర్చునేవాడివి. మూడు పాయలు తీసి జడల్లి, నిండా మల్లెపూలు పెట్టేదాన్ని."

నారుమడిలో నేను చూసినవి కనకాంబరాలు.

"తర్వాత?" అన్నారు బావగారు.

"తర్వాత కుప్పెలు కట్టేదాన్ని."

"నేనేమనేవాణ్ణి?"

అత్తయ్య చేతులు ఆగాయి. మోకాళ్ళ మీద చెయ్యేసుకుని మెల్లగా లేచి, ఆయన ముందుకు వచ్చి కూర్చుంది. నూనె చేతుల్తోనే గడ్డం పట్టుకుని పైకెత్తింది. నెరిసిన చెంపలు, కళ్ళజోడు నొక్కిన గుర్తులు, ఎన్నేళ్ళుగానో తను చూడని ముఖం. అంతా చూసింది. తొందరేమీ లేకుండా చూసింది.

"అద్దం చూపించమనేవాడివి" అంది. "చూపించేదాన్ని కాదు. బాగున్నావు, నేను చూస్తున్నాగా అనేదాన్ని."

అలా అనడం నారుమడిలో నేనెప్పుడూ వినలేదు. బావగారి కళ్ళజోడు మసకబారింది. దాని మీద నూనె మరక కూడా పడింది. తుడుచుకోలేదు.

అత్తయ్య మళ్ళీ వెనక్కి వెళ్ళి పీట మీద కూర్చుంది.

"యానాంలో ఆ అబ్బాయి పేరేంటి?"

వంశీ నా చెయ్యి నొక్కాడు.

"దినకర్."

"వాడికైనా జుట్టుందా?"

వంశీకి నవ్వాగలేదు. బావగారు కూడా నవ్వుతూనే, గొంతు సవరించుకుని, "ఉందమ్మా. బోలెడు" అన్నారు.

"తలంటేవాళ్ళెవరున్నారు వాడికి?"

బావగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"వచ్చే ఆదివారం రమ్మను. నూనె ఎక్కువ కాచి ఉంచుతాలే."

పెరట్లో ముద్దమందారం మీద పిచ్చుకలు గోల చేస్తున్నాయి. ఆవిడ నారుమడికి మళ్ళీ రాలేదు. ఒకసారి మాత్రం నన్నడిగింది, "వాడెలా ఉన్నాడు, ఆ చిన్నాడు?" అని. ఉన్నాడన్నాను. బావగారికి పోయింది తిరిగి రాదు. అది ఆయనకూ తెలుసు. తలంటించుకుంటున్న ఆ మధ్యాహ్నం కూడా తెలుసు. అయినా కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి తల్లి మోకాలికి ఆనించి అడిగారు.

"అమ్మా, జడ సంగతి మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

ఆవిడ మొదట్నుంచి చెప్పింది. ఈసారి మల్లెల్లో మరువం కూడా చేరింది.